పేరిందమ్మ వెనక్కి అడిగిన చిలకలు

మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల ఎక్కని కాలం నాటి మాట ఇది. పిల్లలూ, దగ్గరికి జరిగి వినండి. పెద్దలూ, మీరూ వినండి. ఇది మీకు కూడా చెప్పవలసిన కథే.

హేమవరం అనే రాజ్యంలో పేరిందమ్మ అనే ముసలావిడ ఉండేది. తల మీద గంప పెట్టుకుని ఊరూరా తిరిగి పూసలు, దువ్వెనలు, మొలతాళ్ళు, గవ్వల గొలుసులు అమ్ముకునేది. "పూసలోయమ్మా, పూసలు!" అన్న కేక వీధి మొదట్లో వినపడితే చాలు, పిల్లలు నోట్లో ముద్ద నోట్లో ఉండగానే పరుగెత్తుకొచ్చేవారు.

పేరిందమ్మకు ఒక్కతే మనవరాలు. పేరు నీలి. కూతురు ఆ బిడ్డను కని పురిట్లోనే కన్నుమూసింది. అల్లుడు ఆ తరవాత మొహం చూపించలేదు. అందుకని తల మీద గంప, చంకలో నీలి, ఇలాగే ఆమె తిరిగేది.

నీలికి మూడో ఏడు నడుస్తోంది. మాటల పుట్ట. దారిలో కనబడిన ప్రతిదాని పేరూ అడగవలసిందే.

"అవ్వా, అదేంటి?"

"కొంగ తల్లీ."

"నీళ్ళలో అదేంటి?"

"కొంగ నీడ."

"నీడ పేరేంటి?"

అవ్వ నవ్వి ముద్దు పెట్టుకునేది.

ఒక వేసవిలో పేరిందమ్మ సరుకు కోసం రాజధానికి వెళ్ళింది. అక్కడ రత్నగుప్తుడని పెద్ద వర్తకుడు. పిల్లల నగలకు అతని కొట్టు పెట్టింది పేరు. అతను పేరిందమ్మను పిలిచి ఆమె అరచేతిలో ఒక బిళ్ళ పెట్టాడు.

"చూడు పేరిందమ్మా, ఇలాంటిది ఎప్పుడైనా చూశావా?"

అది చిలక. బొటనవేలంత ఉంది. వెండిలా తెల్లగా మెరుస్తోంది. కంటికి ఎర్రటి చుక్క, తోకకు పచ్చటి పూత. చేతిలో బరువుగా, నిండుగా ఉంది.

"వెండా అయ్యగారూ?" అని అడిగింది పేరిందమ్మ.

రత్నగుప్తుడు నవ్వాడు. "మెరుపు చూడు, బరువు చూడు. ఇంకేం కావాలి? పేదవాడి బిడ్డ కూడా రాజుగారి బిడ్డలా కనబడాలని చేయించాను."

అతను అవుననలేదు. కాదనలేదు. పేరిందమ్మ ఆ సంగతి గమనించలేదు.

మొదటి చిలకను ఆమె నీలి మెడలోనే కట్టింది. నీలి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో పెట్టుకుంది.

"తియ్యగా ఉందవ్వా!" అంది.

"చిలక కదే, జామపండు తిని వచ్చుంటుంది," అంది పేరిందమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ వేసవి చిలకలు ఎగిరిపోయినట్టు అమ్ముడుపోయాయి. కలువలపాలెంలో కొన్నారు, మెట్టవలసలో కొన్నారు, ఏటిగడ్డలో కొన్నారు, కొండమీది గూడేల్లోనూ కొన్నారు. కొన్న ప్రతి బిడ్డకూ పేరిందమ్మ తన చేత్తోనే దారం ముడివేసి, "నూరేళ్ళు చల్లగా ఉండు తండ్రీ," అని తల నిమిరేది. ఏ ఇంట ఏ బిడ్డకు కట్టిందో ఆమెకు బాగా గుర్తు. ఊళ్ళు తిరిగేవాళ్ళకు మనుషులే కదా ఆస్తి.

వానలు వచ్చాయి, పోయాయి. చలి దిగింది.

నీలి అన్నం తినడం మానేసింది. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది. మొహం ఉతికిన గుడ్డలా తెల్లబోయింది. చంక దింపితే నాలుగడుగులు వేసి తూలిపోయేది.

పేరిందమ్మ దిష్టి తీసింది. ఆకు పసర్లు పోయించింది. అమ్మవారికి మొక్కుకుంది. మూడూ అయ్యాయి. నీలికి తగ్గలేదు.

ఒకరోజు ఏటి ఒడ్డున నడుస్తూ పేరిందమ్మ వేలు చూపించింది.

"నీలమ్మా, అదేంటో చెప్పు?"

కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. నీలి చూసింది. నోరు తెరిచింది. మాట రాలేదు. కాసేపు అలాగే చూసి, మెడలో చిలకను నోట్లోకి లాక్కుని చప్పరించడం మొదలుపెట్టింది.

ఎన్నో నెలలుగా చప్పరించి చప్పరించి చిలక తల నున్నగా అరిగిపోయింది. దారం వెళ్ళే కన్నం కూడా సాగి తెగిపోయింది. దాన్ని అతికించమని పేరిందమ్మ గురవాచారి దగ్గరకు తీసుకెళ్ళింది. గురవాచారి ముసలి కంసాలి. చూపు మందగించినా వేళ్ళకు లోహాలన్నీ తెలుసు.

అతను చిలకను చేతిలోకి తీసుకోగానే మొహం మారిపోయింది.

"పేరిందమ్మా, ఇది ఎక్కడిది?"

"రత్నగుప్తుల కొట్టులోది అన్నా. ఏం, వెండి మంచిది కాదా?"

"వెండి పేరెత్తకు." గురవాచారి చిలక వీపు మీద గోటితో గీరాడు. లోతుగా గీత పడింది. తెల్లగుడ్డ తీసి దాని మీద రుద్దాడు. నల్లటి చార పడింది. కుంపట్లో నిప్పుల మీద పెట్టాడు. చిలక ముక్కు వంగింది, తల కుంగింది, చూస్తుండగానే నీరై బూడిదలోకి జారిపోయింది.

"వెండికి ఈ మూడూ ఉండవు. ఇది సీసం," అన్నాడు. "పైన మెరుపు పూత, లోపల విషం. మా ఇళ్ళలో సీసం కరిగించేటప్పుడు పిల్లల్ని ఆ వాకిట్లోకి కూడా రానివ్వం. చిన్నప్పుడు మా తమ్ముడు తెలియక సీసపు గుండ్లు నోట్లో వేసుకుని ఆడుకునేవాడు. తియ్యగా ఉందనేవాడు."

పేరిందమ్మ నీలిని దగ్గరికి లాక్కుంది. "తరవాత?"

"ముందు కడుపునొప్పి. తరవాత మాట మందగించింది. తరవాత మూర్ఛలు." గురవాచారి నీలి వైపు తిరిగాడు. "పోయేనాటికి వాడి చిగుళ్ళ మీద నల్లటి గీత ఉండేది. కాటుక గీసినట్టు. ఏదీ, ఆ బిడ్డ నోరు చూడు."

పేరిందమ్మ నీలి పెదవి మెల్లగా పైకెత్తింది.

కాటుక గీసినట్టే ఉంది.

ఆమె ఏడవలేదు. నీలిని గుండెకు అదుముకుని చాలాసేపు కుంపటి వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపులో నీలి ఒక్కతే లేదు. కలువలపాలెంలో, మెట్టవలసలో, ఏటిగడ్డలో తాను ముడివేసిన మెడలన్నీ ఉన్నాయి.

"అన్నా, ఇప్పుడు తీసేస్తే బతుకుతారా?"

"తీసేసినవాళ్ళకు ఆశ ఉంది. తీయనివాళ్ళకు లేదు," అన్నాడు గురవాచారి.

పేరిందమ్మ అక్కడి నుంచి తిన్నగా రత్నగుప్తుడి కొట్టుకు వెళ్ళింది.

"అయ్యగారూ, ఈ చిలకలు సీసం. పిల్లలు చచ్చిపోతారు. మీరు మనుషుల్ని పంపి అన్నీ వెనక్కి రప్పించండి."

రత్నగుప్తుడు ఉలిక్కిపడలేదు. నౌకర్లను బయటకు పంపి తలుపు దగ్గరగా వేశాడు. అప్పుడే పేరిందమ్మకు అర్థమైంది, ఇతనికి ఇది కొత్త కబురు కాదని.

"వెనక్కి పిలిస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు నింపాదిగా. "మూడు తరాల కొట్టు నేలమట్టమవుతుంది. పిల్లలకు జ్వరాలు రావా? పోరా? నువ్వు నోరు విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు."

పేరిందమ్మ తలుపు వైపు తిరిగింది.

అతను గొంతు మార్చాడు. "నీ మనవరాలిని నేను చూసుకుంటాను. రాజవైద్యుడు నాకు మిత్రుడు. రేపటి నుంచి ఆయనే వచ్చి మందు పోస్తాడు. నీ గంప కూడా నింపి ఇస్తాను. వీధి వీధి తిరిగి అరవకు, అంతే."

పేరిందమ్మ చంకలో నీలి తల వాల్చి ఉంది. రాజవైద్యుడు! ఆ మాట వినగానే ముసలిదాని కాళ్ళు ఒక్క క్షణం నేలకు అతుక్కుపోయాయి. అబద్ధం చెప్పనక్కరలేదు. ఊరికే ఉంటే చాలు. నీలి బతకవచ్చు.

కాని ఆమె అంది: "నా బిడ్డకు మందు పోసుకుంటూ, పరాయి బిడ్డలు విషం చప్పరిస్తుంటే చూస్తూ ఉండమంటారా? నాకు చేతకాదు అయ్యగారూ. కట్టింది ఈ చేతులే. విప్పవలసిందీ ఈ చేతులే."

"ఎవరూ నీ మాట నమ్మరు," అన్నాడు రత్నగుప్తుడు.

"నమ్మేదాకా చెబుతాను," అని ఆమె తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

మొదట కలువలపాలెం వెళ్ళింది. "పూసలోయమ్మా" అని కేక వేయలేదు. వీధిలో గంప దించి పిల్లల తల్లులందరినీ పిలిచింది. గంపలో మిగిలిన ఒక చిలకను గోటితో గీరి చూపింది. తెల్లగుడ్డ మీద రుద్ది చూపింది. ఒకరి పొయ్యిలో నిప్పు అడిగి తెచ్చి చిలకను కరిగించి చూపింది.

"నేనే కట్టాను తల్లుల్లారా. తెలియక కట్టాను. తిట్టండి, కొట్టండి, కాని ముందు అవి విప్పి ఇవ్వండి."

తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తమ పిల్లల పెదవులు ఎత్తి చూసుకున్నారు. తొమ్మిదిమంది పిల్లల చిగుళ్ళ మీద గీత ఉంది. ఎవరూ కొట్టలేదు. కొందరు ఏడ్చారు. చిలక కావాలని పిల్లలు నేల మీద పడి దొర్లారు. పేరిందమ్మ వాళ్ళను ఊరడించడానికి ఒక్కో చిలకకు బదులు గంపలోంచి ఒక్కో పూసల దండ ఇచ్చింది. ఆ ఊరు దాటేసరికి గంపలో సరుకు నిండుకుంది, సీసం నిండింది.

రెండో ఊరు మెట్టవలస. అక్కడికి ఆమెకంటే ముందు రత్నగుప్తుడి బండ్లు చేరాయి. "పూసలమ్మే ముసలిదానికి మతి చలించింది. సీసమని బెదిరించి వెండి చిలకలు కాజేస్తోంది. కలువలపాలెంలో గంపెడు దోచుకుంది," అని బండివాళ్ళు చెప్పి వెళ్ళారు.

పేరిందమ్మ ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఊరిపెద్ద గవరయ్య ఎదురొచ్చాడు.

"గంప దించు చూద్దాం."

గంప దించింది. అడుగున చిలకల కుప్ప తళతళలాడింది.

"చూశారా? బండివాళ్ళు చెప్పింది నిజమే!" అని జనం కేకలు వేశారు.

"బాబూ, ఒక్కసారి గోటితో గీరి చూడండి. మీ మనవరాలి మెడలోదే చూడండి," అని ఆమె చేతులు జోడించింది. గవరయ్య మనవరాలు తాత పంచె పట్టుకుని నిలబడి ఉంది. నోట్లో చిలక.

"నా మనవరాలి జోలికి వస్తే చేతులు విరుస్తాను," అన్నాడు గవరయ్య.

ఎవరో మట్టిపెళ్ళ విసిరారు. తరవాత రాయి. అది పేరిందమ్మ నుదుటికి తగిలింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే ఆమె వంగి నీలికి అడ్డంగా నిలబడింది. గంప ఒరిగి చిందిన చిలకలను నేల మీద వెతికి వెతికి గంపలో వేసుకుంది. పిల్లలెవరికైనా దొరుకుతాయని ఆమె భయం. జనానికి మాత్రం దొంగ మూట కట్టుకుంటున్నట్టే కనిపించింది.

ఆ ఊరి నుంచి ఆ రోజు ఒక్క చిలక కూడా ఆమెతో రాలేదు.

మూడో ఊరు ఏటిగడ్డ. అక్కడ వరాలు అనే ఇల్లాలి కొడుకు బంగారయ్యకు చిలక కట్టిన సంగతి పేరిందమ్మకు గుర్తుంది. నాలుగేళ్ళవాడు. చిలక కావాలని మూడు వీధులు ఆమె వెంట పరుగెత్తాడు.

వరాలు వాకిట్లో కూర్చుని చంటిదానికి పాలిస్తోంది. పేరిందమ్మను చూసి, "రా పిన్నీ," అంది. ఆ పిలుపులో జీవం లేదు. "నుదుటికి ఆ దెబ్బేంటి?"

"దాని సంగతి తరవాత తల్లీ. బంగారయ్య ఏడీ?"

వరాలు కళ్ళు దించుకుంది. "పోయిన నెల పోయాడు. కడుపునొప్పి, కడుపునొప్పి అన్నాడు. చివరికి మూర్ఛలొచ్చాయి. నన్ను కూడా గుర్తుపట్టలేదు."

పేరిందమ్మ అప్పుడు చూసింది. చంటిదాని మెడలో, పాలు కారిన బుగ్గ కింద, చిలక మెరుస్తోంది.

"అన్న గుర్తుగా దీనికి కట్టాను పిన్నీ," అంది వరాలు. "వాడికి అదంటే ప్రాణం. చివరిదాకా నోట్లోంచి తీయలేదు."

ఈ చోటు కథగా చెప్పడమే కష్టం. చెప్పవలసి వచ్చిన పేరిందమ్మకు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. చెప్పకుండా ఆ దారం తెంపుకుపోవచ్చు. ఏదో సాకు చెప్పవచ్చు. కాని ఆమె వరాలు పక్కన కూలబడి, ఆమె చెయ్యి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

వరాలు చంటిదాని మెడలో చిలకను చూసింది. ఆ తరవాత గొంతులోంచి ఎవరిదో అన్నట్టు మాట వచ్చింది.

"అంటే నేనే... దారం ఊడినప్పుడల్లా, పారేసుకుంటావురా అని నేనే మళ్ళీ ముడివేశాను..."

"నువ్వు కాదు తల్లీ. నేను. నేను కట్టాను. నా చేతులు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. నన్ను అను."

వరాలు ఆమె చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. పేరిందమ్మ మొహం తిప్పుకోలేదు. మూడోసారి చెయ్యి ఎత్తి, ఆ చెయ్యి కొట్టలేక, ముసలిదాని భుజం మీద పడి వరాలు గుండె పగిలేలా ఏడ్చింది.

ఏడుపు ఆగాక తనే చంటిదాని మెడలో దారం కొరికి తెంపింది. చిలకను పేరిందమ్మ చేతిలో పెట్టలేదు. కొంగున ముడి వేసుకుంది.

"ఇది చేయించినవాడు ఎక్కడున్నాడు?"

"రాజధానిలో."

"పద," అంది వరాలు.

ఆ దేశపు రాజు ఉదయకేతుడు. వారానికొకసారి కోట వాకిట్లో కూర్చుని ప్రజల గోడు వినేవాడు. ఇద్దరు ఆడవాళ్ళూ చెరో బిడ్డను ఎత్తుకుని అక్కడ నిలబడ్డారు. రాజు రత్నగుప్తుడిని పిలిపించాడు.

పేరిందమ్మ రాజు ఎదుట చిలకను గీరింది, గుడ్డ మీద రుద్దింది, నిప్పుల మీద కరిగించింది.

రత్నగుప్తుడు చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు: "మహాప్రభూ, అది సీసమే. కాదని నేనెప్పుడన్నాను? వెండి అని అమ్మానా? ఈవిడనే అడగండి. మెరుపు చూడమన్నాను, బరువు చూడమన్నాను. సీసంతో బొమ్మ చేయకూడదని మన రాజ్యంలో శాసనం ఉందా? పిల్లలు ఏటేటా జ్వరాలతో పోతూనే ఉన్నారు. ఆ పాపం నా చిలకకు అంటగడితే ఎలా?"

సభ గుసగుసలాడింది. రాజు గడ్డం నిమురుకున్నాడు. వర్తకుడి మాటలో పట్టు దొరకడం లేదు.

"అవ్వా, ఇంకేమైనా చెబుతావా?" అన్నాడు రాజు.

"చెప్పను మహాప్రభూ, అడుగుతాను," అంది పేరిందమ్మ. "రాజ్యంలో ఏ వాకిట చూసినా బిడ్డ మెడలో చిలక ఉంది. అయ్యగారి మనవడికి మూడేళ్ళు. ఆ బాబు మెడలో చిలక ఎందుకు లేదు?"

"వాడికి బంగారం ఉంది," అన్నాడు రత్నగుప్తుడు తడుముకోకుండా.

రాజు కళ్ళు చిన్నవయ్యాయి. "నిజమే. బంగారంతో పాటు ఇదీ ఉంటే తప్పేముంది? పిల్లవాడిని తీసుకురండి."

రత్నగుప్తుడి కోడలు మాలిని బిడ్డను ఎత్తుకుని వచ్చింది. రాజు గంపలోంచి ఒక చిలక తీయించి వర్తకుడి ముందు పెట్టించాడు.

"హాని లేనిదైతే నీ మనవడికి కట్టు. రేపు ఈ వేళ దాకా ఉంచు. ఈ తగవు కొట్టివేస్తాను."

రత్నగుప్తుడు చిలకను చేతిలోకి తీసుకున్నాడు.  ఒకవైపు కొట్టు, ఒకవైపు మనవడు. ఒక్క రోజే కదా అనుకున్నాడో ఏమో, దారం చాపి పిల్లవాడి మెడ వైపు వంగాడు.

పిల్లవాడు కిలకిలా నవ్వి నోరు తెరిచాడు.

"వద్దు మామయ్యగారూ!" మాలిని కేక సభంతా మారుమోగింది. బిడ్డను లాక్కుని వెనక్కి తూలింది. "కొలిమి దగ్గర పనివాళ్ళు మెలికలు తిరిగి పడిపోయిన నాడు మీరేగా చెప్పారు, ఈ సరుకు మన గడప దాటి లోపలికి రాకూడదని! పనిమనిషి కూతురు పెట్టుకొస్తే ఆ పిల్లను వాకిట్లోంచే పంపించేశారు కదా! ఇప్పుడు నా బిడ్డకు కడతారా?"

 రత్నగుప్తుడి చేతిలోంచి చిలక జారి నేల మీద పడింది. వెండిలా మోగలేదు. మట్టిముద్ద పడ్డట్టు చప్పుడైంది.

వరాలు ముందుకు వచ్చి అడిగింది: "నీకు తెలుసా? మా బంగారయ్యకు ఇది కట్టే నాటికే నీకు తెలుసా?"

అతను తల ఎత్తలేదు.

రాజు లేచి నిలబడ్డాడు. "రత్నగుప్తా! నీ కొలిమి నేటితో ఆరిపోవాలి. నీ సొత్తంతా ఈ పిల్లల వైద్యానికి పోతుంది. అది చాలదు. దండోరా వేసే డప్పు వెంట నువ్వే ఊరూరా నడవాలి. 'నా చిలకలు విషం, విప్పి ఇవ్వండి' అని నీ నోటితోనే చెప్పాలి. చివరి చిలక దొరికేదాకా నీకు ఇల్లు లేదు."

పేరిందమ్మ వైపు తిరిగి, "అవ్వా, నీ నిజాయితీకి ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"ఏ బిడ్డకు కట్టానో నాకు తెలుసు ప్రభూ. నన్నూ నడవనివ్వండి," అంది పేరిందమ్మ.

అలా దండోరా కదిలింది. ముందు డప్పు, వెనక వర్తకుడు, ఆ వెనక పేరిందమ్మ. వర్తకుడి గొంతు మొదటి రోజు పూడుకుపోయింది. మూడో రోజుకు ఆ మాట అతని నోట స్పష్టంగా పలికింది.

మెట్టవలసకు చేరేసరికి గవరయ్య ఊరి బయటే నిలబడి ఉన్నాడు. ఊళ్ళో చిలకలన్నీ తానే ఏరి మూట కట్టి తెచ్చాడు. మూట పేరిందమ్మ కాళ్ళ దగ్గర పెట్టి, ఆమె నుదుటి మీద మచ్చ చూసి, చేతులు జోడించాడు. ఆ మూటలో అతని మనవరాలి చిలక ఉంది. మనవరాలు లేదు.

"ఆ రోజు నీ మాట విని ఉంటే..." అన్నాడు.

పేరిందమ్మ ఆ మూట ఎత్తి గంపలో పెట్టుకుంది.

ఇక నీలి సంగతి అడుగుతారు మీరు. దాచను. రాజవైద్యులు ఎందరో పిల్లలకు మందులిచ్చారు. చాలామంది తేరుకున్నారు. కొందరు తేరుకోలేదు. నీలి బతికింది. నడిచింది, అన్నం తింది, పెరిగి పెద్దదైంది. కాని పోయిన మాటలు తిరిగి రాలేదు. పిలిస్తే నవ్వేది. ఆ నవ్వు చూసి కొత్తవాళ్ళు ముచ్చటపడేవారు. పేరిందమ్మ మాత్రం ఆ నవ్వు వచ్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేది.

మళ్ళీ దండోరా నాటికి వద్దాం. మైదానంలో ఊళ్ళన్నీ అయ్యాయి. డప్పుల మోత చేరని కొండ గూడేలు మిగిలాయి. వర్తకుడు జబ్బుపడి దారిలో ఆగిపోయాడు. పేరిందమ్మ ఆగలేదు. నీలిని వీపున కట్టుకుని వాగులు దాటింది. ఒక గూడెంలో చిలక దొరికేది, పక్క గూడెంలో చిన్న మట్టి సమాధి ఎదురయ్యేది.

అన్నింటికంటే పైనున్న గూడేనికి ఆమె ఒక ఉదయం చేరింది. అక్కడ జిన్నె అనే చిన్నపిల్ల చెక్కబండి లాగుతూ ఆడుకుంటోంది. మెడలో చిలక. దాని తల్లి బయటకు వచ్చింది.

"తల్లీ, ఇది నేనెప్పుడో నీ పెద్దదానికి కట్టాను కదా?"

"అవునవ్వా. నువ్వు వెళ్ళగానే విప్పేశాను. జాతర నాడు కడదామని దాచాను. నిన్ననే దీనికి కట్టాను."

"నిన్నేనా?"

"నిన్ననే."

పేరిందమ్మ పిల్ల పెదవి ఎత్తింది. చిగుళ్ళు ఎర్రగా, తడిగా, ఏ గీతా లేకుండా ఉన్నాయి. జిన్నె తల విదిలించుకుని, "వదులవ్వా, చక్కిలిగింత!" అని గట్టిగా నవ్వింది.

పేరిందమ్మ దారం విప్పింది. చిలకను గుప్పిట్లో పట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది. రాళ్ళు తగిలిన నాడు ఏడవని మనిషి, నీలి నోరు చూసిన నాడు ఏడవని మనిషి, ఆ వాకిట్లో వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తల్లి కంగారుపడి, "ఏమైందవ్వా? పిల్లకేమైనా అయిందా?" అని అడిగింది.

"ఏమీ కాలేదు తల్లీ," అంది పేరిందమ్మ. "ఏమీ కాలేదు. ఇన్ని ఊళ్ళు తిరిగాను. ఈ గడపకు మాత్రం వేళకు వచ్చాను."

అమ్మిన వస్తువు ప్రాణం తీస్తుందని తెలిసిన క్షణమే దాన్ని వెనక్కి తీసుకోవాలి. పేరు పోతుందని దాచిన ప్రతి రోజుకూ ఎక్కడో ఒక పసిబిడ్డ మూల్యం చెల్లిస్తుంది.